బోణీ కాకముందు

నర్సింగ్ చదువు మధ్యలో ఎందుకు మానేస్తారని ఎవరినడిగినా రక్తం సంగతే చెబుతారు. రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయారట, శవాన్ని చూసి జ్వరం తెచ్చుకున్నారట. ఒట్టి మాట. మా బ్యాచ్‌లో రక్తం చూసి మానినవాళ్ళు ఒక్కరూ లేరు. మొదటిసారి చూసినప్పుడు నేనూ గోడ పట్టుకున్నాను. రెండోసారి పట్టుకోలేదు. మూడోసారి కుళ్ళిన కాలికి కట్టు కట్టి, చేతులు కడుక్కొని వచ్చి పులిహోర తిన్నాను. బగ్దల్ నుంచి వచ్చే రష్మి మానింది బస్సు వల్ల. సాయంత్రం డ్యూటీ దిగేసరికి వాళ్ళ ఊరి ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. వాళ్ళన్న బండి మీద వచ్చి తీసుకుపోయేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళన్నకు విసుగొచ్చింది, రష్మి చదువు ఆగిపోయింది. స్కూల్లో మాత్రం ఆరోగ్యం బాగాలేక మానిందని చెప్పుకున్నారు. ఎవరి ఆరోగ్యం? వాళ్ళన్నదా?

నా సంగతి ఇంకా అన్యాయం. నా చదువు మీదికి వచ్చింది మా నాయిన దుకాణంలో బోణీ.

నా పేరు మౌనశ్రీ. పేరు పెట్టినవాళ్ళు ఇప్పటికీ నాలుక కరుచుకుంటారు. మా ఇల్లు బీదర్ గంజ్‌లో, పప్పుల దుకాణాల వరసలో ఉంది. కింద దుకాణం, పైన మేము. పైకి పోయే మెట్లు దుకాణం లోపలే, గల్లా పక్కనుంచి. వెనక వైపు ఇంకొకరి గోదాం గోడ. ఇంట్లోకి వేరే దారి లేదు. కట్టించిన మా తాత, దుకాణం దాటకుండా దొంగ కూడా పైకి పోలేడని మీసం తిప్పేవాడట. ఇంటి ఆడపిల్ల కూడా పోలేదన్న ఆలోచన ఆయనకు వచ్చి ఉండదు.

పగటి డ్యూటీలున్నంత కాలం బాధ లేకపోయింది. సాయంత్రం వచ్చేదాన్ని, గిరాకి సందడిలో మెట్లెక్కేదాన్ని, స్నానం చేసేదాన్ని. రెండో ఏడు ఉగాది పోయాక రాత్రి డ్యూటీలు పడ్డాయి. రాత్రంతా వార్డులో తిరిగి పొద్దున్నే ఇంటికి చేరతాను. సరిగ్గా అప్పుడే మా నాయిన షట్టర్ ఎత్తి, గడప కడిగి, లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి తిప్పుతూ ఉంటాడు.

మొదటి పొద్దున నన్ను చూడగానే ఊదుబత్తి లేని చెయ్యి పైకెత్తాడు.

"ఆగు బిడ్డా, ఆగు. ఆడనే ఉండు."

"ఏమైంది నాయినా?"

"బోణీ కాలేదింక. జరసేపు యాడన్న కూసొని రారాదు."

"నా ఇంట్లకు నేను వస్తున్న. యాడ కూసోవాలె?"

"నీ ఇల్లే బిడ్డా, ఎవలు కాదన్నరు? ఆసుపత్రికెల్లి వస్తున్నవ్. రాత్రి ఎవలు పోయిన్రో ఏమో. మీదికెల్లి తెల్లబట్టలు. బోణీ కాకముందు గట్ల ఎదురు రావద్దమ్మా. జర సమజ్ చేస్కో."

బట్టలు మార్చుకొని వస్తే సరా అని అడిగాను. బట్టలు మారితే మనిషి మారుతుందా అన్నాడు. రాత్రి మా వార్డులో ఎవరూ పోలేదని, పైగా ఒకామెకు జ్వరం కూడా తగ్గిందని చెప్పాను. "పొద్దుపొద్దున ఆ మాటలెందుకు" అని లక్ష్మీదేవి వైపు తిరిగిపోయాడు.

మా నాయిన వెంకటస్వామి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నేను అప్పుడే గొడవ పెట్టుకొని గెలిచేదాన్ని. నా చిన్నప్పుడు జ్వరమొస్తే దుకాణం మూసి నా పక్కన కూర్చున్న మనిషి. కానీ ఆ మధ్య రింగ్ రోడ్డు మీద పెద్ద మార్ట్ పడింది. చల్లగా ఏసీ, బండ్లు పెట్టుకోను జాగా, పప్పులన్నీ ప్యాకెట్లలో. మా దుకాణానికి గిరాకి పలచబడింది. మార్ట్‌ను ఆపడం ఆయన చేతిలో లేదు. నన్ను ఆపడం ఉంది.

మా అమ్మ పుష్పమ్మ పైనుంచి అంతా విన్నది. నన్ను నర్సింగ్‌లో చేర్చాలని ఏడాదిపాటు మా నాయినతో పోరింది ఆమే. "గల్లా కాడ కూసుండే బతుకు నాకు చాలు, దానికొద్దు" అని నా ముందే అన్నది. అయినా బోణీ దగ్గరికొచ్చేసరికి ఆమె కూడా వ్యాపారం ఇంటి ఆడమనిషే. మర్నాటికి ఒక ఉపాయం కనిపెట్టింది.

"బోణీ కాంగనే పైన కటకటాలకు ఎర్ర తువ్వాల కడత. దూరంకెల్లి చూసుకొని రా."

"నేనేమన్న రైలునా అమ్మా, సిగ్నల్ ఇస్తున్నవ్?"

"నోరు ముయ్యి. చదువు గావాలెనా వద్దా?"

చదువు కావాలి. అదే నా బాధంతా. వార్డులో అడుగు పెట్టగానే మంచాల మీద ముఖాలన్నీ నా వైపు తిరిగేవి. సిస్టరమ్మ వచ్చిందని ఒక ముసలాయన లేచి కూర్చోబోయేవాడు, వద్దని కసిరేదాన్ని. అక్కడ నేను ఎదురొస్తే మంచి జరుగుతుందని మనుషులు నమ్ముతారు. ఇక్కడ నా కన్న తండ్రి చెయ్యెత్తి ఆపుతాడు. ఈ రెండూ ఒకే పొద్దున జరుగుతుంటే ఒళ్ళు మండదా?

మొదట్లో ఆర్తి నన్ను కాపాడింది. ఆర్తిది కమలనగర్, ఇంట్లో మాట మరాఠీ. మేమిద్దరం దక్కనీ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళం. చౌబారా దగ్గర చిన్న గది తీసుకొని ఉండేది. డ్యూటీ దిగి ఇద్దరం ఆ గదికి పోయి ఒకే మంచం మీద అటొకరు ఇటొకరు పడుకునేవాళ్ళం. మధ్యాహ్నం పాఠాలకు అక్కడినుంచే పోయేవాళ్ళం. ఇంటికి సాయంత్రం వెళ్ళి నాలుగు మెతుకులు తిని మళ్ళీ డ్యూటీకి దిగేదాన్ని. ఎర్ర తువ్వాల ఎప్పుడు కట్టారో ఎప్పుడు విప్పారో కూడా చూసేదాన్ని కాదు.

ఆర్తి చేతికి నరం దొరక్కపోవడమంటూ లేదు. పెద్ద సిస్టర్లే పొడిచి పొడిచి వదిలేసిన చేతులకు కూడా అది సెలైన్ ఎక్కించేది. మా అందరిలో కచ్చితంగా నర్సయ్యేది ఎవరంటే కళ్ళు మూసుకొని ఆర్తి పేరు చెప్పేదాన్ని.

ఎండలు ముదిరాక ఒకరోజు వాళ్ళ కాక, ఆ ఇంటి చిన్నాన్న, ఫోన్ చేశాడు. ఆర్తి ఆజ్జి అని పిలిచే నాయనమ్మ బావి గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ మర్నాడు బస్టాండ్‌లో ఆర్తి సంచీ నా చేతిలో, ఆర్తి బస్సులో కిటికీ పక్కన.

"సెలవు పెట్టినవా?" అన్నాను.

"ఎన్ని రోజులని పెట్టాలె? మా కాక ఏమన్నడో తెలుసా? ఇంట్లనే నర్సు ఉండంగ బయటోళ్ళకు చేసుడేంది అన్నడు. నేర్చుకున్నది చాలంట. ముసలామె మూత్రం తియ్యనీకె పరీక్షలెందుకంట."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఆమె నన్ను పెంచింది."

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"ఆజ్జి లేచినంక."

ఆ వయసులో తుంటి విరిగినవాళ్ళు ఎప్పుడు లేస్తారో మాకిద్దరికీ తెలుసు. ఆ పాఠం మొన్ననే అయింది. అయినా ఇద్దరం తల ఊపుకున్నాం. బస్సు కదిలాక చూస్తే సంచీ ఇంకా నా చేతిలోనే ఉంది. కిటికీ వెంట పరిగెత్తి లోపల పడేశాను.

ఆర్తి పోయింది, దానితో నా నిద్ర కూడా పోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు ఎండాకాలం గిరాకి ఇంకా పడిపోయింది. ఒక్కోరోజు సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా కటకటాల మీద తువ్వాల కనిపించేది కాదు. ఒకరోజు గురుద్వారాలో భోజనాల హాల్లో స్తంభానికి ఆనుకొని కన్ను మూశాను. ఒక పెద్దామె తట్టి లేపి పళ్ళెం చేతిలో పెట్టింది. ఆకలి కాదు తల్లీ నిద్ర అని ఎలా చెప్పను? తిన్నాను. ఇంకోరోజు బస్టాండ్ బల్ల మీద పడుకుంటే ఎవడో పక్కన కూర్చొని నా చెప్పుల సైజు అడిగాడు. ఆ తర్వాత మా దుకాణానికి కాస్త దూరంలో గుండప్ప చాయ్ బండి దగ్గరే నా మకాం. గుండప్ప పాపం మంచివాడు, స్టూలు వేసి, ఎండ పడకుండా గోనె కట్టాడు. కానీ అక్కడ నిద్రెక్కడిది? హమాలీల అరుపులు, ఆటోల మోతలు. వచ్చిన ప్రతివాడూ చాయ్ తాగుతూ మా ఇంటి కటకటాల వైపు చూసి, కన్నడంలో "బోణి ఆతేనవ్వా?" అని నన్నే పరామర్శ చేసేవాడు. అయిందా తల్లీ అని. గంజ్ మొత్తానికి మా నాయిన బోణీ లెక్క తెలిసిపోయింది.

పాఠంలో కూర్చుంటే అక్షరాలు ఈదులాడేవి. జడ దువ్వుకుంటూ దువ్వుకుంటూ దువ్వెన పట్టుకొనే తూలిపోయేదాన్ని. అమ్మ మీద అరిచేదాన్ని. ఏ పని పట్టుకున్నా చేతికి కుదురు ఉండేది కాదు, ఏ చోట కూర్చున్నా లేచిపోవాలనిపించేది. అద్దంలో నా కళ్ళు చూసి నాకే భయమేసింది.

మా వార్డు పెద్ద సిస్టర్ సుమిత్రాబాయి. ఇంట్లో మరాఠీ, ఉద్యోగంలో కన్నడం, నాతో తెలుగు, తిట్టడానికి మాత్రం దక్కనీ. ఆమెను చూస్తే రోగులే దుప్పటి సర్దుకునేవాళ్ళు. ఒక పొద్దున టిఫిన్లు రాకముందు ఇన్సులిన్ ఇవ్వాలి. కిటికీ పక్క మంచం మీది ఆమెకు. ఆ మంచం నాకు కంఠతా వచ్చు. సిరంజి పట్టుకొని పోయాను, చెయ్యి అందుకున్నాను, దూదితో తుడిచాను. సూది చర్మానికి తాకబోతుంటే నా మణికట్టు మీద ఇనప పట్టు పడింది.

"పేరడిగినవా?" అన్నది సుమిత్రాబాయి సిస్టర్.

అడగలేదు. ఉక్కపోస్తోందని రాత్రి ఇద్దరు ఆడవాళ్ళు మంచాలు మార్చుకున్నారు, ఒకరికి ఫ్యాను గాలి తగలాలని. నా చేతి కిందున్నామెకు చక్కెర జబ్బే లేదు. కడుపులో ఏమీ లేకుండా ఉంది. ఆ మందు లోపలికి పోయి ఉంటే ఏమయ్యేదో రెండో ఏడు చదివేదాన్ని, నాకు తెలుసు. ఆమె నన్ను చూసి నవ్వుతోంది, సూది నొప్పి పెట్టకుండా వెయ్యమని.

"ఆంఖాఁ హై కీ గుండియాఁ?" అని బయటికి లాక్కొచ్చింది సిస్టర్. కళ్ళా గుండీలా అని. "ఎప్పుడు పండుకున్నవ్ నువ్వు?"

నోరు తెరిచాను. మా దుకాణంల బోణీ అయితలేదు సిస్టర్, అందుకని నాకు నిద్ర లేదు. ఈ మాట ఎవరికన్నా చెప్పగలమా?

"ఇంట్ల నిద్ర పడ్తలేదు."

"పెండ్లయిందా?"

"లేదు."

"పిల్లలు లేరు, పెండ్లి లేదు, నిద్రకేం రోగం? పో ఇంటికి. పండుకొని మనిషివై రా, లేకపోతే రాకు."

వచ్చి గుండప్ప బండి దగ్గర కూర్చున్నాను. ఆయన ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. తువ్వాల కనిపించేదాకా ఆ స్టూలు మీదే కూర్చొని నిర్ణయించుకున్నాను. ఒక మనిషిని చంపి నర్సునయ్యే అవసరం నాకు లేదు. ఇంటికి పోయి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చొని చెప్పాను.

"నేను మానేస్తున్న."

మా నాయిన ముఖంలో వెలుగు దాచుకోలేకపోయాడు. దాచుకోవాలని మజ్జిగ గ్లాసు ఎత్తి పట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు. "చదివినకాడికి చాలు. దుకాణంల కూసో. మనకు మనిషి గావాలె." ఆర్తి వాళ్ళ కాక మాటే. కమలనగర్‌కూ బీదర్‌కూ మధ్య అంత దూరముంది కదా, ఈ మాట ఎలా నడిచి వచ్చిందో.

అమ్మ లేచి బయటికి పోయి కటకటాల మీది ఎర్ర తువ్వాల లాగి, తెచ్చి, దానితో వంటిల్లంతా తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. నేను చూడలేక పోయి పడుకున్నాను. అన్నాళ్ళ నిద్ర ఒక్కసారే మీద పడింది. లేచేసరికి ఏ రోజో తెలియలేదు.

తర్వాత కొన్ని రోజులు దుకాణంలో కూర్చున్నాను. కూర్చోవడం అంటే మాట వరసకు. సంచుల మధ్య ఇటూ అటూ తిరిగాను, తక్కెడ గిన్నెలు తోమిందే తోమాను. ఎవరికైనా దగ్గు వస్తే ఎన్నాళ్ళ నుంచి అని అడిగి మా నాయినతో తిట్లు తిన్నాను. నిద్ర బాగా పట్టింది. దానితోనే వచ్చింది చిక్కు. నిద్ర తీరిన బుర్రకు కోపం తెలుస్తుంది.

అట్లాంటి ఒక పొద్దున ధన్నూర నుంచి ఒకామె బెల్లానికి వచ్చింది. అదే ఆనాటి మొదటి బేరం. ఆమె అడిగిన ధర వింటే నాకే నవ్వొచ్చింది, మేము కొన్న ధరకన్నా తక్కువ. మా నాయిన గొణుక్కున్నాడు, నెత్తి గోక్కున్నాడు, చివరికి ఇచ్చేశాడు. పైసలు ఫోన్‌లో వేస్తానంటే మాత్రం చేతులు జోడించి, బోణీకి నగదే ఇవ్వమ్మా అన్నాడు. తీసుకున్న నోటు కళ్ళకద్దుకొని గల్లాలో వేశాడు.

ఆమె పోయాక అడిగాను. "నష్టానికి ఇచ్చినవేంది నాయినా?"

"బోణీ బేరం గద బిడ్డా. తిప్పి పంపొద్దు. మీ తాత చెప్పిన మాట. పిచ్చోడు రానీ, దుష్మన్ రానీ, మొదటి బేరం లక్ష్మి. దాన్ని తిప్పినోడు దుకాణం నడుపలేడు."

"ఎవలొచ్చినా?"

"ఎవలొచ్చినా."

ఆ సాయంత్రమే సుమిత్రాబాయి సిస్టర్ ఫోన్ చేసింది. "సచ్చినవా, పెండ్లి చేస్కున్నవా? ఆ రెండిటికే సెలవు. నిద్ర అయిందా?"

"అయింది సిస్టర్."

"అయితే రాత్రి డ్యూటీకి రా. పేరడిగి సూది ఎయ్యి."

తెల్ల డ్రెస్ ఇస్త్రీ చేసుకుంటుంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది. కాలర్ దగ్గర ముడత పోలేదని చూపించి వెళ్ళింది.

మర్నాడు పొద్దున గుండప్ప బండి దగ్గర ఆగలేదు. స్టూలు లాగుతున్నవాడు లాగుతున్నట్టే ఉండిపోయాడు. నేరుగా మా దుకాణం ముందుకు వచ్చాను. నీళ్ళు చల్లిన గడప ఇంకా ఆరలేదు. ఎదురు దుకాణం సంగమేశ్ అన్న అప్పుడే తాళాలు తీస్తున్నాడు.

"అయ్యో, ఆగు ఆగు," అన్నాడు మా నాయిన.

"ఆగిన. లోపటికి వస్తలేను."

"మల్ల?"

"పావుకిలో శెనగపప్పు ఇయ్యి."

"ఏంది పొద్దుగాల పరాచికాలు?"

"పరాచికాలు కావు. గిరాకిని. నగదే ఇస్తున్న." నోటు చాపాను.

మా నాయిన అటూ ఇటూ చూశాడు. "పైకి పో, మీ అమ్మనడుగు. డబ్బ నిండ పప్పుంది."

"పైకెట్ల పోత? బోణీ కాలేదు గద."

ఆయన ఊదుబత్తిని పటం ముందు గుచ్చి మళ్ళీ నా వైపు తిరిగాడు. పట్టు వదిలితే ఏడ్చేసేలా ఉన్నాను. కానీ గొంతు మాత్రం బాగానే వచ్చింది.

"తిప్పి పంపుతవా? చెప్పు నాయినా, పోత. మల్ల రాను."

రోడ్డు అవతల నుంచి సంగమేశ్ అన్న అందుకున్నాడు. "ఏంది వెంకటస్వామన్నా, బోణీ బేరాన్ని వాకిట్ల నిలబెట్టి మాట్లాడుతున్నవ్?"

మా నాయిన చాలాసేపు ఆ నోటు వంక చూశాడు. తర్వాత సంచీ మూతి విప్పాడు. పప్పు పోశాడు, తూచాడు. ముల్లు నిలిచాక ఇంకో గుప్పెడు కొసరు వేశాడు. పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, నోటు తీసుకొని కళ్ళకద్దుకొని గల్లాలో వేశాడు. వేస్తూ, ఎన్నేళ్ళుగానో ప్రతి మొదటి బేరానికీ అనే మాట అలవాటు కొద్దీ అనేశాడు.

"మల్ల రాండ్రి."

అన్నాక ఎవరితో అన్నాడో ఆయనకే వినబడింది. సంచుల వైపు తిరిగి ఏదో వెతకడం మొదలుపెట్టాడు. నేను గడప దాటి, గల్లా పక్కనుంచి మెట్లెక్కాను. పైన అమ్మ పొట్లం అందుకొని విప్పి చూసింది.

"శెనగపప్పా? భక్ష్యాలకైతది," అన్నది.

ఆ రోజు గిరాకి బాగా అయిందట. పెళ్ళివారెవరో వచ్చి సంచులకు సంచులు తీసుకుపోయారట. నేను పడుకునే ఉన్నాను, నాకేం తెలుసు? సాయంత్రం మా నాయిన మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. "నీ చెయ్యి మంచిది బిడ్డా," అన్నాడు. "రేపు గూడ నువ్వే బోణీ చెయ్యి."

నవ్వొచ్చింది. కొన్నాళ్ళు గర్వంగా కూడా ఉండింది, ఎందుకు దాచాలి? నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగేది. ముందే ఎవరైనా వచ్చి నిలబడితే "జర ఆగున్రి, మా బిడ్డ వస్తాంది" అని ఆపేవాడు. సంగమేశ్ అన్న తన దుకాణంలో కూడా ఒక బోణీ చేసి పొమ్మని బతిమాలాడు, చేశాను. నేను తెల్ల డ్రెస్‌లో గంజ్‌లోకి రాగానే హమాలీలు దారి ఇచ్చేవాళ్ళు. గుండప్ప చాయ్‌కి పైసలు తీసుకోవడం మానేశాడు.

అయితే ఒక పొద్దున మా వార్డులో ఒక ముసలాయన పోయాడు, నన్ను చూసి లేచి కూర్చోబోయే ఆయనే. ఒళ్ళు తుడిచి, కట్టుగుడ్డ సర్ది, వాళ్ళ పిల్లలకు అప్పగించేసరికి ఆలస్యమైంది. ఫోన్ మోగుతూనే ఉంది. "గిరాకి నిలబడ్డది, జల్ది రా," అని నాయిన. నేను ఏడుస్తున్నానని ఆయనకు తెలియదు. ఎక్కడినుంచి వస్తున్నావని అడగనూ లేదు. ఏ చావు పేరు చెప్పి నన్ను బయట నిలబెట్టాడో ఆ చావు ముందునుంచే లేచి పరిగెత్తుకొచ్చి పప్పు కొన్నాను. సెలవు రోజున తెల్లారకముందే తలుపు కొట్టాడు, లేచి ఒక్క నిమిషం కిందికి రమ్మని. వెళ్ళాను. మళ్ళీ వచ్చి పడుకుంటే నిద్ర రాలేదు.

మృగశిర కార్తె వచ్చింది. ఆ వారంలోనే ఆర్తి ఫోన్ చేసింది.

"ఆజ్జికి వీపు మీద ఒక్క పుండు గూడ కాలేదు," అన్నది. "ఊరంత వచ్చి చూసిపోతున్నరు. పక్కింటి ఆమెకు గూడ నేనే సూదులేస్తున్న."

"మల్ల ఎప్పుడొస్తవ్? పరీక్షలు దగ్గరికొచ్చినయి."

ఆర్తి నవ్వింది, దాని నవ్వు కాదది. "నీ చెయ్యి మంచిది, నిన్నెట్ల పంపుతం అంటున్నరు మౌనా. తిడితే కొట్లాడి వచ్చేదాన్ని. మెచ్చుకుంటున్నరు."

ఫోన్ పెట్టేశాను. మెచ్చుకోలుకు ఎదురు చెప్పే మాట ఆర్తికి దొరకలేదు. నాకు దొరుకుతుందా? ఆ రాత్రి డ్యూటీలో ప్రతి మంచం దగ్గరా పేరు అడిగాను, తెలిసినవాళ్ళను కూడా అడిగాను.

పొద్దున వాన పడుతోంది. బూట్లు నీళ్ళు నిండి చప్పుడు చేస్తున్నాయి. దుకాణం ముందు ఒకాయన గొడుగు ముడిచి నిలబడి ఉన్నాడు. మా నాయిన అప్పటికే పప్పు తూచి పొట్లం కట్టి పెట్టాడు, గల్లాకూ సంచులకూ మధ్య సందులో నిలబడి చెయ్యి చాపాడు.

"వచ్చినవా బిడ్డా. పైస తియ్యి. పాపం ఈయన ఎప్పటికెల్లో నిలబడ్డడు."

"ఈయనకియ్యి నాయినా. నాకొద్దు."

"ఏం, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. నిద్రొస్తాంది."

"ఒక్క నిమిషం పని గద. నీ చెయ్యి..."

"నా చెయ్యి రోగులకు," అన్నాను. గొంతు పెరిగింది, తగ్గించుకున్నాను. "ఇయ్యాల గిరాకి మంచిగైతె చెయ్యి మంచిది. రేపు గాకపోతె మల్ల వాకిట్ల నిలబెడతవ్. నేను మంచి శకునం గాదు, చెడ్డ శకునం గాదు నాయినా. రాత్రంత పని చేసి ఇంటికి వచ్చిన. తొవ్వ ఇయ్యి."

గొడుగాయన తల దించుకొని కందిపప్పు సంచీలోకి చూస్తున్నాడు. మా నాయిన నా ముఖం చూశాడు. తడిసిన తెల్లబట్టలు చూశాడు. నీళ్ళు కారుతున్న బూట్లు చూశాడు. ఆ వేసవిలో మొదటిసారి ఆయన నన్ను పొద్దుపూట నింపాదిగా చూడటం. వంగి, సందుకు అడ్డంగా ఉన్న సంచీని రెండు చేతులా పక్కకు ఈడ్చి, తనూ జరిగాడు.

"కాలు జారుతది, పైలం," అన్నాడు.

మెట్లెక్కాను. అమ్మ పొడి తువ్వాల అందించి కిటికీ రెక్క వేసింది. కింద మా నాయిన గొంతు వినిపించింది, "ఏం గావాలె సేఠ్?" అని. గొడుగాయన ఏదో అడిగాడు. కింద బోణీ అయిందో లేదో నాకు తెలియదు. అప్పటికే నిద్రపోయాను.